సొంత పనికి తిరగని మీటర్

మూడోసారి కూడా మీటర్ చచ్చింది. కొండమల్లేపల్లి దాటాక గానీ నేను గమనించలేదు. బండి యాభై మీద పోతోందని నా కాలికి తెలుస్తూనే ఉంది, ముల్లు మాత్రం సున్నా దగ్గర పడుకుని ఉంది. దాని కింద కిలోమీటర్ల అంకెలు కదలడం లేదు. పక్కసీట్లో మా బాపు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఆ అంకెలనే చూస్తున్నాడు. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎందుకంటే ఆ అంకెలు కదలకపోతే నల్లగొండ దవాఖాన ముందు బాపు బండి దిగడు. దిగకపోతే ఆ రోజు డయాలసిస్ లేదు.

ఇది వినేవాళ్లకు నవ్వులాటగా ఉంటుంది. నాక్కూడా మొదట్లో నవ్వే వచ్చింది.

బాపు ముప్పై ఏళ్లకు పైగా దేవరకొండలో ఒక సర్కారు ఆఫీసులో డ్రైవరు. మా తాత ఒకరి పొలంలో జీతానికి ఉన్నవాడు. మా ఇంట్లో నెలజీతం, ఖాకీ బట్టలు చూసిన మొదటి మనిషి బాపే. ఈ తెల్ల అంబాసిడర్‌ను ఆయన కొత్తగా ఉన్నప్పటి నుంచి నడిపాడు. ఆఫీసువాళ్లు ఇక పనికిరాదని తేల్చి వేలం పెడితే ఆయనే పాడుకున్నాడు. "బండిని కండెం చేసిండ్రు బిడ్డా" అని ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. రాష్ట్రం వచ్చింది, జిల్లాలు మారాయి, బండి నంబరు పలక మీద మాత్రం పాత అక్షరాలే మిగిలాయి.

సర్కారు బండికి లాగ్‌బుక్ అని ఒకటి ఉంటుంది. బయలుదేరేటప్పుడు మీటర్‌లో ఎంత ఉందో రాయాలి, చేరాక ఎంత ఉందో రాయాలి. ఎక్కడికి, ఏం పని, సర్కారు పనా సొంత పనా అన్నది రాయాలి. ఎక్కిన ఆఫీసరు సంతకం పెట్టాలి. బాపు ఈ పని ఎన్ని వేలసార్లు చేసి ఉంటాడో. రిటైరయ్యాక కూడా బండి ఎక్కగానే అంకెలు పైకి చదివేవాడు, దిగేముందు మళ్లీ చదివేవాడు. చదివాకే తలుపు తీసేవాడు.

కిడ్నీలు చెడిపోవడం, జ్ఞాపకం చెడిపోవడం రెండూ కూడబలుక్కున్నట్టు ఒకే ఏడాది మొదలయ్యాయి. వారానికి రెండుసార్లు మిషన్ మీద రక్తం కడిగించాలన్నారు. మాకు ఖాళీ దొరికింది నల్లగొండలో, మంగళవారం, శుక్రవారం. అమ్మ లేదు. నేను ఒక్కదాన్నే బిడ్డను. మా ఆయనకు కొత్తకోటలో ఉద్యోగం, ఆదివారం వస్తాడు, సోమవారం పొద్దున్నే పోతాడు. నేను బడిలో పంతులమ్మను. ఆ రెండు రోజులూ సెలవు చీటీ పట్టుకుని పోతే మా హెడ్మాస్టరు నా ముఖం చూడకుండా సంతకం పెట్టడం నేర్చుకున్నాడు.

కిరాయి కారు మాట్లాడితే బాపు ఎక్కలేదు. "ఇంకొకడు నడిపే బండ్ల నేను కూసోవుడేంది?" అన్నాడు. నాకు నడపడం నేర్పింది ఆయనే కాబట్టి నేను నడిపితే మాత్రం ఊరుకునేవాడు. అలా ఈ అంబాసిడర్ మాకు గతి అయింది. దాని స్టీరింగు తిప్పీ తిప్పీ మంగళవారం సాయంత్రానికి నా భుజాలు పడిపోయేవి. బుధవారం బడిలో నల్లబల్ల మీద చెయ్యి ఎత్తలేకపోయేదాన్ని.

మొదటిసారి మీటర్ నిజంగానే చెడింది. ముల్లు లేస్తోంది గానీ అంకెలు కదల్లేదు. దవాఖాన ఆవరణలో బండి ఆపి, "దిగు బాపూ" అన్నాను.

బాపు అంకెలు చూశాడు. "ఇంకా యాడికీ పోలే గదా" అన్నాడు.

"వచ్చినం బాపూ. గదిగో దవాఖాన."

"మీటర్ తిర్గకుంట ఎట్లొస్తం? పోదాం పా."

నేను నవ్వాను. ఐదు నిమిషాలయ్యాక నవ్వు పోయింది. గంట అయ్యాక కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. నర్సమ్మ వచ్చి బతిమాలింది, వాచ్‌మన్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. బాపు తలుపు పిడిని పట్టుకుని వదల్లేదు. ఆ గట్టిదనం ఆ చేతుల్లో ఇంకా ఎక్కడ మిగిలిందో నాకు తెలియదు. ఆయన వంతు ఇంకొకరికి ఇచ్చేశారు, మేము వెనక్కి వచ్చేశాం. రెండో రోజుకు కాళ్లు వాచి, ఊపిరి ఆడక, దేవరకొండ దవాఖానలో ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. అక్కడి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంకోసారి తప్పితే మనిషి దక్కడని చెప్పాడు. కాబట్టి మాకు మీటర్ అంటే అలంకారం కాదు. అది తిరిగితే బాపు బతుకుతాడు, తిరగకపోతే లేదు.

నల్లగొండ గడియారం సెంటరు దగ్గరి సందులో మీటర్లు బాగుచేసే మెకానిక్ ఒకతను ఉన్నాడు. గోడ నిండా పాత మీటర్లు మేకులకు వేలాడుతుంటాయి. అతను మా మీటర్‌ను ఊడదీసి, అద్దం తీసి, అంకెల చక్రాలను బల్ల మీద పరిచాడు. ఒక్కో చక్రం మీద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలున్నాయి. చక్రానికీ చక్రానికీ మధ్య గోరంత పళ్ల చక్రం ఒకటుంది. ఒక చక్రం పూర్తిగా తిరిగితే పక్కదాన్ని ఒక్క అంకె జరిపేది అదేనట. మొదటిదాని పళ్లు నున్నగా అరిగిపోయాయి.

"పండ్లు అరిగినయక్కా. మీ నాయినకు అరిగినట్టే" అన్నాడు. బాపు నోరు తెరిచి నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వడం అదే.

ఇంకో పాత మీటర్ లోంచి ఆ పళ్ల చక్రం తీసి వేశాడు. మళ్లీ బిగించే ముందు గొంతు తగ్గించి, "ఎంత తగ్గియ్యాలె?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. అతని దగ్గరికి వచ్చేవాళ్లందరూ బండి అమ్మేముందు కిలోమీటర్లు తగ్గించుకోవడానికే వస్తారట. నేను కూడా అందుకే వచ్చాననుకున్నాడు.

నేను నోరు తెరిచేలోపు బాపు అందుకున్నాడు. "నలభై ఎనిమిది వేల మూడు వందల పదారు. గంతనే పెట్టు. ఒక్కటి ఎక్కువొద్దు, ఒక్కటి తక్కువొద్దు. లచ్చ లచ్చకు సున్నకొచ్చి రెండు సుట్లు తిరిగినంక గంత."

నా పేరు మధ్యాహ్నానికి మర్చిపోయే మనిషి ఆ అంకె తడుముకోకుండా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. ఇనుప డబ్బా మీద కుళ్లుకోవడం ఏమిటని అనుకోండి, కుళ్లుకున్నాను.

మూడు వారాలు హాయిగా గడిచాయి. బాపు బయలుదేరేటప్పుడు చదివేవాడు, చేరాక చదివేవాడు, తలుపు తీసుకుని దిగేవాడు. నాలుగో వారం మళ్లీ ఆగింది. ఈసారి ముల్లు కూడా లేవలేదు. బాపును బండిలోనే ఉంచి, వాచ్‌మన్‌ను చూస్తుండమని, ఆటో ఎక్కి మెకానిక్ దగ్గరికి పరిగెత్తాను. అతను సామాన్ల సంచి పట్టుకుని వచ్చాడు. బండి చక్రాల వైపు నుంచి మీటర్‌కు ఒక వైరు వస్తుంది, అది తిరిగితేనే మీటర్ తిరిగేది. ఆ వైరును మీటర్ వెనక పట్టుకునే నట్టు ఊడి వేలాడుతోంది.

"గీ రోడ్ల మీద ఊడకేం జేస్తదక్కా" అన్నాడు. నట్టు బిగించి, మళ్లీ వదులు కాకుండా సన్నటి ఇనుప తీగ చుట్టి మెలిపెట్టాడు. అయినా బాపు దిగలేదు. బండిని గడియారం దాకా తిప్పి మళ్లీ తెచ్చాను. మీటర్ రెండు అంకెలు జరిగింది. అప్పుడు దిగాడు. నాలుగు గంటలు నడవాల్సిన మిషన్ ఆ రోజు మూడు గంటలకే ఆపేశారు.

ఇప్పుడు ఇది మూడోసారి. నేరుగా మెకానిక్ దుకాణం ముందే బండి ఆపాను. అతను డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూశాడు. తర్వాత సిగరెట్ బూడిద వేసే చిన్న డబ్బాను లాగాడు. అందులో అతను చుట్టిన తీగ ఉంది. మెలిక విప్పి, సాపు చేసి, గుండ్రంగా చుట్టి పెట్టి ఉంది.

"అక్కా, తీగ ఊడితే కింద పడ్తది. చుట్ట చుట్టుకోని డబ్బాల పంటదా?"

"అంటే?"

"అంటే ఊడలే. ఎవలో ఇప్పిండ్రు. ఇది డ్రైవర్ల పని అక్కా. ఎనుకట సర్కారు బండ్లల్ల సొంత పనికి పోవాలంటె ముందుగాల గీ వైరు ఇప్పెటోళ్లు. బండి తిరుగుతది, మీటర్ తిరగది. లాగ్‌బుక్కుల ఎక్కది." కన్నుగీటి, "మీ నాయిన గూడ తిప్పిండొచ్చు సినిమాలకు" అన్నాడు.

నేను అతని మీద ఎగిరి పడ్డాను. మా బాపు సంగతి నీకేం తెలుసన్నాను. మా అమ్మ కడుపునొప్పితో నల్లగొండ పోయినప్పుడు కూడా బస్సులోనే పోయింది. అదే రోజు, అదే రోడ్డు మీద, ఆఫీసరును తీసుకురావడానికి ఈ బండి ఖాళీగా పోయింది. ఖాళీ బండి బస్సును దాటిపోతుంటే కిటికీలోంచి అమ్మ చూసింది. ఈ సంగతి అమ్మ గొప్పగా చెప్పేదో దెప్పిపొడుపుగా చెప్పేదో నాకు చివరిదాకా తెలియలేదు. అలాంటి మనిషిని పట్టుకుని సినిమాలా?

"తప్పయిందక్కా, జర చల్లవడు" అని అతను నట్టు బిగించి పంపాడు. బండి కొంచెం తిప్పాక బాపు దిగాడు. ఆయన మిషన్ మీద పడుకున్న నాలుగు గంటలూ నేను బయట బల్ల మీద కూర్చుని ఆ తీగ గురించే ఆలోచించాను. విప్పినవాళ్లు దాన్ని పారేయలేదు. చుట్టి దాచిపెట్టారు. అలాంటి పని మా ఇంట్లో ఎవరు చేస్తారో నాకు తెలుసు. తెలిసినా మనసు ఒప్పుకోలేదు.

శుక్రవారం పొద్దున బాపు ఎప్పటిలాగే నాకంటే అరగంట ముందు బండి దగ్గరికి పోయాడు. గుడ్డతో అద్దాలు తుడవడం ఆయన మానలేదు. నేను తలుపు చాటున నిలబడ్డాను. అద్దాలు తుడిచాడు, దీపాలు తుడిచాడు. తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని, అటూ ఇటూ చూసి, చెయ్యి డ్యాష్‌బోర్డు కిందికి పోనిచ్చాడు. చొక్కా గుండీలు కూడా నేనే పెట్టాల్సిన ఆ వేళ్లు చూడకుండానే నట్టు విప్పేశాయి.

"ఏం జేస్తున్నవ్ బాపూ?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. పట్టుబడ్డ మనిషి ముఖం అది. నా జన్మలో ఆయన ముఖం అలా చూడలేదు.

"ఏం లే బిడ్డా. ఇది సర్కారు బండి గదా. నా పానం బాగలేక నేను పోతున్న. ఇది సొంత పని. మీటర్ల పడితె మేడానికి మాటొస్తది." మేడం అంటే ఆయన చివర్లో పనిచేసిన ఆఫీసరమ్మ.

"ముప్పై ఏండ్లల ఎన్నడన్న ఇప్పినవా?"

"ఎన్నడు ఇప్పలే. మీ అమ్మకు గూడ ఇప్పలే." చేతిలోని గుడ్డ మడతపెట్టాడు. "ఇప్పుడు నా పానం మీదికొచ్చింది. బతకాలనుంది బిడ్డా. ఏం జెయ్యాలె?"

అప్పుడు నాకు అర్థమైంది. నల్లగొండ ఎందుకు పోతున్నామో పొద్దున బాపుకు తెలుసు, కాబట్టి సొంత పని అని దొంగలా వైరు విప్పుతాడు. నల్లగొండ చేరేసరికి విప్పిన సంగతి మర్చిపోతాడు, ముప్పై ఏళ్ల అలవాటు మిగులుతుంది, మీటర్ తిరగలేదు కాబట్టి రాలేదంటాడు. బతకాలని ఆయన చేసే పనే ఆయనను చంపుతోంది. దీన్ని ఏ మెకానిక్ బాగుచేస్తాడు?

మంచిగా చెప్పాను, వినలేదు. అరిచాను. పాపం, పిల్లల మీద అరిచినట్టు అరిచాను. ఇది నీ బండి, నువ్వు పాడుకున్నావు, నీ పేరు మీద ఉంది అని బీరువాలోంచి ఆర్‌సీ తెచ్చి ముందు పెట్టాను. ఆయన తన పేరును వేలితో పట్టి చదివాడు.

"ఈయన నాకెరుకే" అన్నాడు. "డ్రైవర్. మంచోడే."

ఇక నాకు అరవడానికి ఓపిక లేకపోయింది. నట్టు బిగించాను, ఆయన చూస్తుండగా బిగించాను. వీధి చివర దుకాణంలో పొడుగు నోటుబుక్కు కొన్నాను. బండిలోనే కూర్చుని స్కేలుతో గీతలు కొట్టాను. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, బయలుదేరినప్పుడు రీడింగ్, చేరినప్పుడు రీడింగ్, పని, సంతకం. బాపు మెడ చాచి చూస్తున్నాడు. 'పని' అన్న గడిలో 'దవాఖాన తనిఖీ' అని రాసి, కింద ఆఫీసరు సంతకం చేసే చోట నేను సంతకం పెట్టాను.

బాపు ఆ సంతకాన్ని చూశాడు, నన్ను చూశాడు, సీట్లో నిటారుగా సర్దుకున్నాడు.

"తనిఖీకి పోతున్నరా మేడం?"

"ఔ. నాలుగు గంటలు పడ్తది. నువ్వు ఖాళీగ కూసునుడెందుకు, ఆడ మిషన్ కాడ పండుకో. నీ పానం గూడ చూస్తరు."

"సరే మేడం. డ్యూటీల ఉన్నప్పుడే అయితది గదా, అది సొంత పని కాదు" అని తనకు తానే చెప్పుకున్నాడు. నేను నడుపుతున్నందుకు కూడా ఆయనే జవాబు వెతుక్కున్నాడు. మేడం డ్రైవింగ్ నేర్చుకుంటున్నారట. దారి పొడుగునా నాకు గేర్లు చెప్పాడు. దవాఖాన ముందు రీడింగ్ చదివాడు, పుస్తకంలో రాయించాడు, తానే దిగి వచ్చి నా తలుపు తీసి పట్టుకున్నాడు.

అప్పటి నుంచి ఒక్క వారం కూడా తప్పలేదు. కాళ్ల వాపు తగ్గింది. ఆ నట్టు జోలికి మళ్లీ పోలేదు. నేను సాధించానని అందరూ అన్నారు. ఏం సాధించడమో. పొద్దున పూట కూడా ఇక నేను ఆయనకు మేడమే. ఇంట్లో అన్నం పెడితే లేచి నిలబడి తీసుకునేవాడు. నేను గది లోకి పోతే లుంగీ సర్దుకునేవాడు. బిడ్డా అన్న పిలుపు మా ఇంట్లో ఆగిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక, "నేను మేడాన్ని కాదు బాపూ, నీ బిడ్డను" అన్నాను. ఆయన చేతులు జోడించాడు. "ఏం తప్పు చేసిన మేడం?" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు నేను. ఆయన బండి దిగడం ముఖ్యం, నన్ను ఏమని పిలిస్తే ఏముంది అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నచ్చలేదు. అయినా మంగళవారం వస్తే మేడంలాగే సంతకం పెట్టాను.

ఎండలు ముదిరిన ఒక శుక్రవారం మధ్యాహ్నం తిరిగి వస్తున్నాం. మిషన్ మీద నుంచి లేచిన రోజు బాపు మాట్లాడడు, తల వెనక్కి వాల్చి పడుకుంటాడు. ఆ రోజు మాత్రం దేవరకొండ ఇంకా రాకముందే లేచి కూర్చున్నాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఒక మాట. కోపానికి రావొద్దు."

"చెప్పు."

"నా బిడ్డ నల్లగొండల హాస్టల్ల ఉండి సదువుతది. ఇయ్యాల సెలవులిస్తున్నరు. బస్సుల ఒక్కతే వస్తది. రేకు పెట్టె ఉంటది, మోయలేకపోతది. ఎన్నడు అడగలే మిమ్ముల. మీరు సరేనంటె బస్టాండ్ల జరసేపు బండి ఆపి, పిల్లను ఇంటికాడ దింపుత." మళ్లీ తానే తొందరగా అన్నాడు, "వైరు ఇప్ప మేడం. మీటర్ తిరగనియ్యుండ్రి. లాగ్‌బుక్కుల సొంత పని అనే రాయుండ్రి."

ఆ రేకు పెట్టె నాదే. నాకు రోడ్డు కనిపించలేదు. బండి పక్కకు తీసి ఆపాను. ఆయన భయంగా చూస్తున్నాడని తెలిసి ముఖం తుడుచుకుని, పుస్తకం తీసి ఆయన ఒళ్లో పెట్టి, పెన్ను చేతికిచ్చాను. "నువ్వే రాయి" అన్నాను. వంకర అక్షరాలతో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, 'పని' అన్న గడిలో 'సొంత పని' అని రాశాడు. నేను పక్కన సంతకం పెట్టాను.

బస్టాండు ముందు, చెరుకు రసం బండి పక్కన అంబాసిడర్ ఆపాం. బాపు చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు, కిందికి దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. దిగమని ఎవరూ బతిమాలలేదు. నేను కూడా దిగి ఆయన పడకుండా పక్కన నిలబడ్డాను. నల్లగొండ బస్సు వచ్చింది. దిగిన ప్రతి ఆడపిల్ల ముఖం ఆయన చూశాడు. చివర కండక్టరు కూడా దిగాక, బాపు నా వైపు తిరిగాడు.

"రాలే మేడం" అన్నాడు.

"ఇంకో బస్సున్నది" అన్నాను. "వస్తది. చూద్దాం."